నెంబరు వెనక పేరు

చీమకుర్తి రోడ్డు దుమ్ము
ఏసీ గదిలోకి కూడా వస్తుంది.
సర్వరు మూత తీసి బ్రష్షుతో తుడిచాను.
అది నా పని కాదు, అయినా చేతులు ఊరుకోవు.

పెంచలరత్నం కుర్చీ ఇటు తిప్పింది.
"మూడు రోజులబ్బయా!
పంపిన మెయిలు పంపినట్టే ఎనక్కొస్తుండాది.
మనం చచ్చామనుకుంటుంటాడు ఆ ఇటలీ ఆయన."
ఆమెది నెల్లూరు వైపు, పొదలకూరు.
కోపంలో కూడా మాట చివర కాస్త సాగుతుంది.

వెనక్కొచ్చిన ఉత్తరం తెరిచాను.
అయిదు వందల యాభై.
దాని కింద, పద్ధతిగా, ఏ కోపమూ లేకుండా:
నీ నెంబరుకు పేరు లేదు.

పాస్‌వర్డు కాదు. వైరస్ కాదు.
ఫొటోల బరువూ కాదు.
నిన్నంతా వీటినే అనుమానించాను,
ఫైర్‌వాల్‌ని ఉత్తపుణ్యానికి తిట్టాను,
రత్నం చేత ఒక మెయిలుని మూడు చేయించాను.
మూడూ వెనక్కొచ్చాయి.

మొన్న సోమవారం కొత్త ఫైబర్ లైను వేశారు.
లైనుతో పాటు నెంబరూ మారింది.
మా పేరడిగితే నెంబరు వస్తుంది, సరిగ్గానే.
ఆ నెంబరు పట్టుకుని వెనక్కెళ్ళి
ఇది ఎవరిదని అడిగితే మాత్రం
అవతల చప్పుడు లేదు.

ఎట్లా చెప్పాలో తెలీక కిటికీ చూపించాను.
యార్డులో నల్ల బండలు,
ఒంట్లో వెండి రవ్వలు, పైన ఎర్ర పెయింటు అంకెలు.
"చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగుద్ది కదక్కా,
డ్రైవరు మాట ఎవడు వింటాడు?
బండ మీద అంకె చూస్తారు,
రిజిస్టరులో ఆ అంకె ఏ క్వారీదో చూస్తారు.
ఇద్దరి మాటా ఒకటైతేనే గేటు లేచేది."
"అయితే రాసెయ్యి ఆ రిజిస్టర్లో."
"ఆ పుస్తకం మన దగ్గరుండదు.
నెంబరు ఇచ్చినోడి దగ్గరుంటది."

ఒంగోలు ఆఫీసుకి ఫోన్ చేస్తే విజయవాడ అంది.
విజయవాడ టికెట్ అంది.
టికెట్ అంటే ఇంకో నెంబరు.

ఎదురుచూస్తూ అట్టముక్క మీద
మా అంకెల్ని తిరగేసి రాశాను.
అలాగే అడగాలి, చివరి నుంచి మొదటికి,
కవరు మీద రాసినట్టు
ఇల్లు, తర్వాత వీధి, తర్వాత ఊరు.

అక్కడ ఆగింది పెన్ను.

ఈ అడగడం నాకు తెలుసు.
ఒంగోలులో గది కోసం తిరిగిన ఎండాకాలం,
లాయర్‌పేటలో మేడ మీద టులెట్ బోర్డు.
పేరు చెప్పాను, యేసుపాదం అని.
ఇంటిపేరు? చెప్పాను.
ఏ ఊరు? చెప్పాను.
ఆ ఊళ్ళో ఎటు పక్క, అన్నారు.

అడ్వాన్సు నోట్లు జేబులోనే
చెమటకి మెత్తబడ్డాయి.
"నిన్ననే ఎవరికో మాటిచ్చేశాం బాబూ."
బోర్డు ఆ పై ఆదివారం దాకా వేలాడింది.

నా నెంబరుకు పేరు లేక కాదు.
ఉంది. అదే చిక్కు.

సర్వరు నయం.
ఎందుకు వద్దో రాసి మరీ పంపుతుంది.

శుక్రవారం సాయంత్రం విజయవాడ పేరు రాసింది,
ఒక అక్షరం తప్పుతో.
మళ్ళీ ఫోన్. "ఎమ్ కాదు సార్, ఎన్. నెల్లూరు ఎన్."
దిద్దాక కూడా పాత జవాబు
ఎక్కడెక్కడి మిషన్లకో ఇంకా గుర్తుంటుంది.
మరిచిపోవడానికి వాటికి ఒక రాత్రి కావాలి.
మనుషుల సంగతి నేను చెప్పలేను.

శనివారం పొద్దున్నే నెంబరుని అడిగాను, పేరు చెప్పింది.
పేరుని అడిగాను, అదే నెంబరు చెప్పింది.
రత్నం మీట నొక్కింది.
అరగంట సేపు ఇద్దరం
తెర వైపు చూడనట్టు నటించాం.
ఏదీ వెనక్కి రాలేదు.

మధ్యాహ్నం ఇటలీ నుంచి జవాబు:
ఫొటో చూశాను, నాలుగు వందల పదిహేడో బండలో
సన్నటి పగులుంది. అది వద్దు.

పెంచలరత్నం బల్ల మీద చరిచింది.
"చదివాడబ్బయా! చదివే వద్దన్నాడు!"

ఎండలో యార్డంతా తిరిగాం ఆ బండ కోసం.
దొరికాక, అంకె మీది దుమ్ముని
ఆమె కొంగుతో తుడిచింది.
నేను పగులు వెతుకుతున్నాను,
వేలితో, వెనక నుంచి.